నల్లదానికి వేరే గిన్నె

ఈ కథలో పిల్లి మీసమంత అబద్ధం కూడా లేదు. సిరిసిల్లలో ఎవరినైనా అడగండి.

నక్సలైటు అన్నల భయానికి ఎల్లంతకుంట వైపు కోటలాంటి తన గడి వదిలి బాపు రావు సిరిసిల్లలో అద్దె ఇంట్లో దిగినప్పుడు, భార్య చంద్రకళతో పాటు నాలుగు పిల్లులనూ తెచ్చుకున్నాడు. పిల్లలు లేని ఆయనకు ఆ నాలుగే సంతానం. మరుసటేడు నల్లపిల్లి చిక్కిపోతుంటే పశువుల డాక్టరు జలపతి నాలుగింటికీ రక్తం తీసి హైదరాబాదు పంపాడు.

"నల్లదానికి నెత్తురు క్యాన్సర్ తెచ్చే వైరస్ ఉంది సార్. మూడు మంచిగున్నయి. మనుషులకైతే అంటుకోదు గని, పిల్లులకు ఉమ్మితోని అంటుకుంటది. ఒక్క గిన్నెల తినుడు, నాకుకునుడు బందు. మూడు నెలలకు మల్ల చూద్దాం."

బాపు రావు నల్లదాన్ని వెనక అర్రలో ఉంచి, సత్తు గిన్నె పెట్టి, గొళ్లెం వేశాడు. స్నానం చేసి వచ్చేసరికి నాలుగూ ఒకే పళ్లెం చుట్టూ తోకలు లేపి పాలు తాగుతున్నాయి.

"ఎవరు తీసిండ్రు?"

"నేనే," అంది చంద్రకళ. "ఊర్ల జీతగాళ్లకు గిలాసలు వేరే పెట్టినమనే గద అన్నలు చీటీ పంపింది. మీకింక బుద్ధి రాలేదా?"

"అది మనుషుల ముచ్చట. ఇవి పిల్లులే."

"బయటికి పోయే మాటకు అదంత తెలుస్తదా? రావుసాబు ఇంట్ల ఇంక వేరే గిన్నె నడుస్తుందంటరు."

ఆయన తాళం వేశాడు. ఆమె ఇంకో తాళంచెవి తీసింది. మూడోనాడు తలుపు సందులో చీటీ దొరికింది: 'బాపు రావు, పిల్లుల మధ్య వివక్ష మానుకో.' ఆ దెబ్బకు చంద్రకళ ఆ తలుపునే ఊడదీయించింది.

"మూడు చస్తయే," అన్నాడు బాపు రావు, తల పట్టుకుని.

అప్పుడే కల్లు లొట్టితో లస్మయ్య వచ్చాడు. ఊళ్లో వీళ్ల తాటిచెట్లు గీసి, ఆ వేరే గిలాసలో నీళ్లు తాగినవాడే. ఇప్పుడు వెనక వాడలో ఉంటున్నాడు. సంగతి విని నవ్వాడు.

"నల్లదాన్ని నాకియ్యిండ్రి దొరా. మా ఇంట్ల పిల్లి లేదు, ఎలుకలే రాజ్యమేలుతున్నయి. పాలు మాత్రం మీరే తెచ్చి పొయ్యాలె."

"గట్లయితే మంచిదే," అంది చంద్రకళ. "వేరే గిన్నె కాదు గద, వేరే ఇల్లు."

బాపు రావు ఆమె వైపు చూసి, నల్లదాన్ని లస్మయ్య చేతుల్లో పెట్టాడు.

బాపు రావు రోజూ పొద్దున్నే చెంబుతో పాలు మోసుకుపోయి లస్మయ్య మంచం మీద కూర్చునేవాడు. మొదటిరోజు లస్మయ్య తాను తాగిన గిలాసలోనే ఆయనకు కల్లు పోసి, "ఒక్కటే ఉన్నది దొరా. నాకేం రోగం లేదు, మీకు లేదు గద?" అన్నాడు. బాపు రావు చుట్టూ ఒకసారి చూసి తాగాడు.

మూడు నెలలకు మళ్లీ పరీక్ష చేస్తే మూడు పిల్లులకూ వైరస్ లేదని తేలింది. నల్లది ఇంకో రెండేళ్లు లస్మయ్య ఎలుకల మీద పెత్తనం చేసింది.

"చూసిండ్రా, వేరే పెడ్తేనే బతికినయి," అంది చంద్రకళ.

బాపు రావు చెంబు తీసుకుని బయటికి నడిచాడు.

మీసమంత అబద్ధం లేదన్నాను గదా, తోకంత ఒకటుంది. పిల్లుల చీటీ నేను కథలో కల్పించి పెట్టిందే. అడవిలో అన్నలకు వాళ్ల తిప్పలే చాలు, పిల్లుల గొడవెక్కడిది? తలుపు మాత్రం చంద్రకళ ఏ చీటీ లేకుండానే ఊడదీయించింది.