పెద్దనరం మీద పిడికిలి

మాంసం ఫ్యాక్టరీలో ముసలాయన పని పశువుల తొడల్లోంచి ఎముక తీయడం. ముప్పై ఏళ్ళుగా అదే బల్ల. పక్క బల్ల అల్లుడిది. ఇద్దరికీ మాటల్లేవు. ముసలాయన భార్య ఊపిరాడక కొట్టుకుంటున్న రోజున, బండి తెస్తానని వెళ్ళిన అల్లుడు రెండు గంటలు ఆలస్యంగా వచ్చాడు. అప్పటికే ఆవిడ పోయింది. దారి మూసేశారన్నాడు. నిజమే కావచ్చు. నిజమైతే మాత్రం క్షమించాలా?

పని దగ్గర ముసలాయన ఒక్క మాట మాత్రం అనేవాడు, అదీ గోడకేసి చూస్తూ.

"ఏప్రన్ దించు."

ఉక్కు రింగులు అల్లిన ఏప్రన్ అది. తొడలు కప్పేలా వేలాడాలి. తడిస్తే బరువెక్కి మోకాళ్ళకు కొట్టుకుంటుందని అందరూ దాన్ని నడుముకు ఎగదోపుకునేవారు. ఎముక తీసేటప్పుడు కత్తిని తనవైపుకే లాగాలి. తుంటి కీలు దగ్గర పట్టు మొండిగా ఉంటుంది, ఉన్నట్టుండి వదులుతుంది.

"గోడ ఏప్రన్ కట్టుకోదు కదా మామయ్యా," అని నవ్వేవాడు అల్లుడు.

ఒక రోజు పొద్దున పదింటికి ఆ పట్టు వదిలింది. కత్తి అల్లుడి కుడి తొడలో, గజ్జకు బెత్తెడు కింద దిగింది. నెత్తురు ఎగజిమ్మి ఎదుటి బల్ల మీద పడింది. అల్లుడు కూలబడ్డాడు.

మేస్త్రీ పరుగెత్తుకొచ్చి, తన బెల్టు ఊడదీసి అల్లుడి మోకాలి పైన బిగించాడు.

"బుద్ధి గడ్డి తిందా? నెత్తురు పైనుంచి వస్తుంటే కింద కడతావేంరా!" అని అరిచాడు ముసలాయన.

"పైన చోటేదీ? గాయమే గజ్జ దగ్గరుంటే!"

"జరుగు."

ముసలాయన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. లెక్కలేనన్ని తొడలు విప్పిన చేతులవి. పశువుకైనా మనిషికైనా గజ్జ మడతలో పొందిక ఒకటేనని నమ్మడం తప్ప వేరే దారి లేదు. తుంటి ఎముక మొనకూ, రెండు కాళ్ళ నడిమి ఎముకకూ సరిగ్గా మధ్యన వేళ్ళతో తడిమాడు. బయటివైపు తాడులాంటిది, లోపలివైపు మెత్తటి గొట్టం. అవి కాదు. వాటి మధ్య దొరికింది, దడదడ కొట్టుకుంటూ. ఆయన దాన్ని పెద్దనరం అంటాడు. పిడికిలి ఆనించి, మోచెయ్యి బిగించి, ఒంటి బరువంతా వేసి దాన్ని వెనకున్న ఎముకకేసి అదిమాడు.

ఎగజిమ్మడం ఆగింది.

"మామయ్యా, పోతానా?"

"నోర్మూసుకో. నా కూతుర్ని నాలా ఒంటిదాన్ని చేశావంటే చంపేస్తా."

అంబులెన్స్ వచ్చేసరికి ఆయన భుజాలు వణుకుతున్నాయి. నర్సు వంగింది.

"చెయ్యి తియ్యండి తాతగారూ, గాయం చూడాలి."

"గాయం కింద ఉంది, చూసుకో తల్లీ. ఈ చెయ్యి మాత్రం కదలదు."

ఆమె చూసింది. గాయంలోకి గుడ్డ కుక్కింది. "అలాగే ఉండండి," అంది.

అల్లుడితో పాటు ఆయన్నీ స్ట్రెచర్ మీదికి ఎక్కించారు. ఆసుపత్రి వరండాలో జనం నోళ్ళు తెరుచుకుని చూశారు. నెత్తురోడే కుర్రాడి మీద గొంతుక్కూర్చుని, గజ్జలో పిడికిలి దిగేసి, పళ్ళు బిగించిన ముసలాడు. ఆపరేషన్ గది తలుపు దగ్గర ఆపబోయిన వాడిని ఒక్క చూపు చూశాడు. వాడు తప్పుకున్నాడు.

లోపల పొట్టి సర్జనమ్మ తన చేతిని ఆయన పిడికిలి పక్కన జొనిపింది. "నేను పట్టుకున్నా. ఇక వదలండి."

వదిలాడు. వేళ్ళు తెరుచుకోలేదు.

"వేలెడు అటూ ఇటూ అయ్యుంటే దారిలోనే పోయేవాడు. ఎవరు నేర్పారు మీకు?"

"ఎద్దులు," అన్నాడు ముసలాయన.

మధ్యాహ్నం సర్జనమ్మ బయటికొచ్చి, రక్తనాళం కుట్టేశామని చెప్పింది. అప్పటికి చేరుకున్న కూతురు తండ్రి భుజం పట్టుకుంది. ముగ్గురూ మంచం దగ్గరికి వెళ్ళారు. ముసలాయన అల్లుడి మొహం చూడలేదు. ఆయనకు పని కాలితోనే. సర్జనమ్మ ఆయన వేళ్ళు పట్టుకుని పాదం మీద, బొటనవేలి ఎముక పక్కన ఆనించింది.

ఇలాంటి చోటు ఆయనకు తెలియదు. ఎద్దుకు గిట్టలే ఉంటాయి. ఊపిరి బిగబట్టి ఆగాడు. సన్నగా, ఒకటి. మళ్ళీ ఒకటి.

"కొట్టుకుంటోందే అమ్మాయ్!" వార్డంతా ఉలిక్కిపడేలా అరిచాడు. "కాలి కొసదాకా కొట్టుకుంటోంది!"