నాగరిక్ అంటే ఎవలు?

నీళ్ల ట్యాంకర్ గేటు దాకా వచ్చి వెనక్కి తిరిగింది. ఖాళీ బిందెలతో ఆడవాళ్లు చూస్తూ నిలబడిపోయారు.

నాందేడ్‌లో గోదావరి ఒడ్డునున్న ఆ బస్తీకి, అక్కడ తోట వేస్తామన్న పేరుతో కాంట్రాక్టర్ రేకుల గోడ కట్టించాడు. వెనక నది, ముందు రేకులు, ఒకటే గేటు.

"పాణీ నాగరికాంసాఠీ ఆహే! నీళ్లు నాగరికులకు. మీరు కబ్జాగాళ్లు," అన్నాడు ట్యాంకర్‌ను తిప్పి పంపిన కాంట్రాక్టర్ మేస్త్రీ, ముకాదం వైభవ్.

ఆ మాట చంద్రభాగకు ముల్లులా దిగింది. తెలంగాణ సరిహద్దు పల్లె నుంచి వచ్చి, నలుగురిళ్లలో అంట్లు తోముకు బతికే మనిషి. ఇంట్లో మాట్లాడేది తెలుగు. ఆ తెలుగులో నాగరికులంటే ఇస్త్రీ బట్టలవాళ్లు.

"మనం అడివి మనుషులమా, అన్నా?" సాయంత్రం అందరూ కూడినప్పుడు అడిగింది.

"గట్ల కాదక్కా," అన్నాడు ఆటో నడిపే గజానన్. "మరాఠీల నాగరిక్ అంటే దేశపోళ్లు. ఓటున్నోళ్లంత."

"నాకు లేదా ఓటు? బండి పెట్టి మరీ తీస్కపోయిండ్రు గదా!"

"గప్పుడు జనతా అంటరు. ఓటేసినంక కబ్జా అంటరు," అంది ముసలి ఉమాబాయి.

"మాటల్తోని ఏమైతది? ముల్లె కట్టుకొని పోదాం," అన్నాడొకడు.

"ఏడికి?"



పొద్దున ఇళ్లు కూల్చడానికి జేసీబీతో పోలీసులు దిగారు. బస్తీనంతా రోడ్డు మీదికి ఈడ్చి, గేటుకు తాళం వేశారు. చాయ్ తాగేవాళ్లు, కాలేజీ పిల్లలు గుమిగూడారు. గుంపు పెరిగేసరికి ఇన్‌స్పెక్టర్ మైకు అందుకున్నాడు.

"సర్వ నాగరికాంనీ శాంతతేనే ఆపాపల్యా ఘరీ జావే!"

నాగరికులంతా శాంతంగా ఎవరిళ్లకు వాళ్లు వెళ్లాలి.

చంద్రభాగ ఉమాబాయి చెయ్యి పట్టుకుంది. "ఇన్నరా? సాహెబే చెప్పిండు. నడుండ్రి, ఇంటికి పోదాం!"

బస్తీ మొత్తం వెనక్కి తిరిగింది.

"ఏయ్! మీకు కాదు చెప్పింది!" అరిచాడు ఇన్‌స్పెక్టర్.

"మరెవలకు?" అంది చంద్రభాగ.

రేకుల మీద పదుల చేతులు పడ్డాయి. కాలేజీ పిల్లలూ భుజాలు ఆనించారు. గోడ ఊగి, పెళపెళమని కూలింది. లాఠీలు లేచాయి. గజానన్‌ను జుట్టు పట్టి వ్యాన్‌లోకి తోశారు.

"గడప మీదికెళ్లి లేవకుండ్రి!" అన్న అతని కేక వ్యాన్ తలుపు మూసుకునే దాకా వినిపించింది.

లోపలికి వచ్చాక, తప్పించుకునే దారి లేదని చంద్రభాగకు తెలుసు. అయినా తన గడప మీద కూర్చుంది. పక్క గడప మీద ఉమాబాయి. ఆ పక్కన ఇంకొకరు. గడప గడపకూ మనిషి.

పడిపోయిన రేకుల దాకా జేసీబీ వచ్చి ఆగింది. ఇంజను ఆపలేదు.

వీళ్లు లేవలేదు.