బర్తిమయి ఆట

పిల్లలు కుదురుగా కూర్చుంటే కరుణాకుమారికి నచ్చదు. మూడేళ్ళ పిల్లను కూర్చోబెట్టి గంటసేపు వాక్యం చెప్తే దాని తలకేం ఎక్కుతుంది? ఈగ ఎటు పోయిందో చూస్తూ ఉంటుంది! నోవహు ఓడ పాఠమైతే పిల్లలు ఏనుగుల్లా ఊగుతూ నడవాలి. యెరికో గోడ అయితే గది చుట్టూ ఏడుసార్లు తిరిగి దబ్బున కూలబడాలి. ఒంటితో నేర్చుకున్నది ఇంటికెళ్ళినా మరిచిపోరని ఆమె నమ్మకం. మైపాడు దారిలో రొయ్యల గుంటల మధ్యనున్న ఆ చిన్న చర్చిలో, ప్రతి ఆదివారం పొద్దున ఆరాధనకు ముందు ఆమె పెట్టే గోలకు గుంటల కాపలావాళ్ళు గట్టు మీదికొచ్చి మరీ చూసేవాళ్ళు. వారమంతా మిషను ముందు కూర్చుని జాకెట్లు కుట్టి నడుం పట్టేసిన మనిషి, ఆదివారం వచ్చేసరికి పిల్లలకంటే ఎక్కువ ఎగిరేది.

ఆ ఆదివారం పాఠం యేసయ్య చూపునిచ్చిన గుడ్డి బర్తిమయి కథ. పిల్లల కళ్ళకు ఒక్కొక్కరికీ రుమాలు కడుతుంది. తను గది అవతలి చివర నిలబడి కంజీర కొడుతూ పాడుతుంది. “లే లే బర్తిమయీ, రా రా బర్తిమయీ, యేసయ్య నిన్ను పిలిచాడు రా!” ఆ గొంతు పట్టుకుని పిల్ల నడిచొచ్చి ఆమె ఒళ్ళో పడగానే రుమాలు విప్పుతుంది. “చూపొచ్చింది!” అని అందరూ చప్పట్లు కొడతారు. పాట తనే కట్టింది, ఆట తనే కనిపెట్టింది, అందుకని కాస్త గర్వంగానే ఉంది.

మొదటి బర్తిమయిగా ఎవరిని నిలబెట్టాలన్న ఆలోచనే ఆమెకు రాలేదు. ఏంజెలిన్ ఉండగా ఇంకెవరు? సంఘ పెద్ద సంజీవరావు మనవరాలు, నాలుగేళ్ళు దాటాయి. మాట ఇంకా రాలేదు, నిజమే. అయితేనేం, పాటకు చేతులు తిప్పడంలో దాని తర్వాతే ఎవరైనా. ఎప్పుడూ ముందు వరసలోనే నిలబడేది, కరుణ మీదినుంచి కళ్ళు తిప్పేది కాదు. ఎంత శ్రద్ధో అని కరుణ అందరికీ చెప్పుకునేది.

రుమాలు కట్టి, వెళ్ళి అవతల నిలబడి పాడింది. ఏంజెలిన్ కదల్లేదు. సిగ్గనుకుని కరుణ ఇంకా గట్టిగా పాడింది. పిల్ల రెండు చేతులూ ముందుకు చాచి గాలిలో తడుముకుంది, ఒకడుగు వేసింది, అదీ గోడ వైపు. కరుణ పాడుతూనే దగ్గరికొచ్చింది. మూరెడు దూరంలో నిలబడి కంజీర మోగిస్తున్నా ఆ పిల్ల గోడనే తడుముతోంది. అప్పుడు అరిచింది చూడండి, అలాంటి అరుపు కరుణ ఎన్నడూ వినలేదు. గౌను తడిసిపోయింది. కరుణ గబగబా రుమాలు లాగేసి ఎత్తుకుంది. పిల్ల ఏడుస్తూనే కరుణ పెదాల వంక చూసింది, తర్వాత చేతుల వంక. చేతులు ఏం చెయ్యమంటాయోనని ఎదురుచూస్తోంది.

కరుణకు అనుమానం తగిలింది. పిల్ల ఏడుపు మానాక, అందరికీ బిస్కెట్లు పంచి, మెల్లగా దాని వెనక్కి చేరి చెవి పక్కనే కంజీర దరువేసింది. పిల్లలందరూ తలలు తిప్పారు. ఏంజెలిన్ బిస్కెట్టు అంచు కొరుక్కుంటూ కూర్చుంది.

ఎనిమిది నెలలు! ఎనిమిది నెలలుగా ఈ పిల్లకు నేను పాటలు నేర్పుతున్నానని ఊరంతా చెప్పుకు తిరిగాను కదా అని తన మీద తనకే అసహ్యం వేసింది. ఎదురుగా నిలబడి చేతులు ఆడించే టీచరు ఉంటే చాలు, చెవులతో పనేముంది? అద్దంలో బొమ్మలా అది ఆమె చేసిందే చేసింది.

అసలు చిక్కు అక్కడ కాదు. నెల కిందట సంజీవరావు ఆరాధనలో లేచి నిలబడి సాక్ష్యం చెప్పాడు. మాట రాని నా మనవరాలి కోసం మూడేళ్ళు ప్రార్థన చేశాను, ఇప్పుడు చేతులతో దేవుణ్ణి స్తుతిస్తోంది, చేతులు వచ్చాయి, మాట కూడా దారిలో ఉంది అన్నాడు. ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. అందరికంటే గట్టిగా హల్లెలూయ అన్నది ఎవరు? కరుణాకుమారే. సంఘం ముందు చెప్పిన సాక్ష్యం బజార్లో మాట కాదు, అంత తేలిగ్గా వెనక్కి తీసుకోవడానికి. పైగా వచ్చే ఆదివారం పిల్లల పండుగ. ఏంజెలిన్‌ను వేదిక మీద నిలబెట్టి పెద్దాయన మళ్ళీ సాక్ష్యం చెప్పబోతున్నాడు.

సాయంత్రం ఆశా కార్యకర్తకు ఫోన్ చేస్తే, ఆమె మొహమాటం లేకుండా చెప్పింది. వెంటనే నెల్లూరు తీసుకెళ్ళి వినికిడి పరీక్ష చేయించాలి, చిన్నతనంలోనే ఏదో ఒకటి చేస్తే మాట వచ్చే వీలుంటుంది, ఆలస్యమయ్యేకొద్దీ కష్టమవుతుంది. ఇప్పటికే ఆలస్యం అని కూడా అంది.

మర్నాడు పొద్దున్నే జాకెట్టు గుడ్డ చంకలో పెట్టుకుని ఏంజెలిన్ తల్లి షారన్ వచ్చింది. గుడ్డ ఇవ్వలేదు, కొలతలూ చెప్పలేదు. గుమ్మంలోనే నిలబడిపోయింది.

“నిన్న బిడ్డ అట్టా ఏడ్చిందంట గదక్కా?”

కరుణ దాచలేదు. షారన్ వింటూ గోడకు ఆనుకుంది.

“నాకు పోయినేడే అనుమానం వచ్చినాదక్కా. దాని వెనకమాల స్టీలు బిందె జారి కిందపడింది. నేను ఉలిక్కిపడినా, అది పడలా. మామయ్యతో చెప్తే, విశ్వాసం లేనోళ్ళు అట్టనే మాట్లాడతారు అన్నాడు. మా ఆయన కూడా ఐదేళ్ళకు గానీ మాట్లాడలేదంట. ఇంకేం అనగలను నేను?”

“మీ ఆయన బెన్హర్‌కి చెప్పు మే.”

“లారీ మీద పోయినాడు, పది దినాలకు గానీ రాడు. వచ్చినా నాయన మాట దాటడక్కా.” షారన్ ఆమె చెయ్యి పట్టుకుంది. “నువ్వు చెప్పు. నా పేరు మాత్రం తేవద్దు.”

ఎంత సులువుగా చెప్పింది! కరుణకు ఒళ్ళు మండింది, వెంటనే జాలీ వేసింది. మంగళవారం మధ్యాహ్నం చీర కొంగు బిగించి సంజీవరావు షెడ్డుకు వెళ్ళింది.

గుంటల్లో నీళ్ళు చిలికే ఏరియేటర్లు బాగుచెయ్యడం ఆయన పని. మోటారు తిరుగుతుంటే దూరంగా నిలబడి విని, బేరింగు పోయిందో వైండింగు కాలిందో చెప్పేయగలడని పేరు.

“వందనాలు మామా.”

“వందనాలమ్మా. పిల్లకాయలు రెడీనా? నా మనవరాలు నడిమధ్యన నిలబడాల, ముందే చెప్తాండా.”

“మామా, ఏంజెలిన్‌కి చెవులు వినపడటం లేదు.”

పానా ఆయన చేతిలోనే ఆగిపోయింది. కరుణ ఆదివారం జరిగిందంతా చెప్పింది, ఒక్క షారన్ సంగతి తప్ప.

“ఏంది మే నువ్వు చెప్పేది? డ్రమ్ములు కొడితే ఎగరతాది గదా! చెవుడైతే ఎట్టా ఎగరతాది?”

“నేల అదరతాది గదా మామా. కాళ్ళకు తెలస్తాది.”

“సంఘం ముందర నిలబడి నేను సాక్ష్యం చెప్పినా. నువ్వే హల్లెలూయ అన్నావు. ఇప్పుడొచ్చి నన్ను అబద్ధాలోణ్ణి చేస్తావా?”

“నేనూ తప్పు చేసినా మామా. నన్ను తిట్టండి, పడతా. ఒక్కసారి దాని వెనకమాల నిలబడి పేరు పెట్టి పిలవండి. అంతే నేను అడిగేది.”

“దేవుణ్ణి పరీక్ష చెయ్యమంటావా నన్ను?”

“పరీక్ష దేవుడికి కాదు మామా, మన బిడ్డ చెవులకి.”

ఆయన ముఖం నల్లబడింది. పానా బల్ల మీద పడేశాడు. “చర్చిలో గంతులేందని కమిటీలో అందరూ అంటే, నేనే గదా నిన్ను నిలబెట్టింది? ఆదివారం కానీ. ఆ తర్వాత నీ క్లాసు ఉండాల్నో వద్దో తేలుద్దాం. పో ఇంక.”

మోటారు మూలిగితే వినపడే మనిషికి మనవరాలి సంగతి పట్టలేదు చూడు అని తిట్టుకుంటూ కరుణ ఎండలో నడిచి ఇల్లు చేరింది. ఆ వారమంతా మిషను తొక్కుతూ ఒకే మాట ఆలోచించింది. ఆదివారం తను చేతులు కట్టుకుని నిలబడితే చాలు. ఒక్క నిమిషంలో సంఘమంతటికీ తెలిసిపోతుంది. పెద్దాయన నోరు మూతపడుతుంది, బిడ్డ ఆసుపత్రికి చేరుతుంది. కానీ నిండు సభలో, కొత్త గౌను వేసుకుని, నాలుగేళ్ళ పిల్ల ఏం చెయ్యాలో తెలియక బిత్తరపోయి నిలబడాలి. రుమాలు కట్టిన రోజు అరుపు ఆమె చెవుల్లోంచి ఇంకా పోలేదు. ఛీ, నావల్ల కాదు అనుకుంది. మరి బిడ్డ దారేమిటి? దానికి జవాబు శనివారానికీ దొరకలేదు.

ఆదివారం చర్చి కిటకిటలాడింది. కిటికీల అవతల కూడా మనుషులు నిలబడ్డారు. వేదిక మీద పన్నెండుమంది పిల్లలు జనం వైపు తిరిగి నిలబడ్డారు, మధ్యన తెల్లగౌను ఏంజెలిన్. వాళ్ళ వెనక కుర్చీల్లో పాస్టరు గారు, సంఘ పెద్దలు. పాట అవగానే సాక్ష్యానికని సంజీవరావు మైకు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. వేదిక కింద, పిల్లలకు ఎదురుగా కరుణ. ఆడవాళ్ళ వరసలో షారన్ తల ఎత్తడం లేదు.

నేల అదిరి బిడ్డ ఎగిరితే వినపడిందనుకుంటారని, డ్రమ్ములు వద్దని కరుణ ముందే చెప్పింది. పాట మొదలైంది. ఆమె చేతులు ఎత్తితే ఏంజెలిన్ ఎత్తింది. ఆమె తిరిగితే తిరిగింది, ఆమె వంగితే వంగింది. ఒక్క తప్పు పోలేదు. జనం మురిసిపోతున్నారు. రెండో చరణం చివర అందరూ చేతులు పైకెత్తి బొమ్మల్లా ఆగాలి, పాట కూడా ఆగాలి. ఆగింది.

ఆ నిశ్శబ్దంలో, “ఏంజెలిన్!” అన్న పిలుపు వినపడింది.

సంజీవరావు. కుర్చీలోంచి సగం లేచి ఉన్నాడు. పదకొండుమంది పిల్లలూ వెనక్కి తిరిగి చూశారు. ఎవరి పేరు పిలిచాడో ఆ పిల్ల ఒక్కతే తిరగలేదు.

ఆయన లేచి వచ్చి మనవరాలి వెనకే, చెయ్యి చాస్తే తగిలేంత దగ్గరగా నిలబడ్డాడు. “ఏంజెలిన్! అమ్మా, ఏంజెలిన్!” ఆ కేకకు కిటికీల అవతలి వాళ్ళు కూడా మాటలు ఆపేశారు. ఏంజెలిన్ చేతులు పైకెత్తుకుని కరుణనే చూస్తోంది, పాట ఎప్పుడు కదులుతుందా అని.

కరుణ చేతులు దించలేదు. దించితే పిల్లా దించుతుంది. కానీ కన్నీళ్ళు ఆగితేగా! చెంపల మీదికి జారాయి. ఉండబట్టలేక ఒక చెయ్యి దించి కళ్ళు తుడుచుకుంది. ఏంజెలిన్ కూడా ఒక చెయ్యి దించి, పొడిగా ఉన్న తన కళ్ళు శ్రద్ధగా తుడుచుకుంది. సరిగ్గానే చేశానా అన్నట్టు నవ్వి, చెయ్యి మళ్ళీ పైకెత్తింది.

ముందు వరసలో ఎవరో కిసుక్కున నవ్వబోయి ఆగిపోయారు. షారన్ కొంగు నోట్లో కుక్కుకుంది. సంజీవరావు చేతిలోని మైకు నోటి దగ్గరికి తెచ్చుకున్నాడు.

“నెల కిందట ఈడనే నిలబడి సాక్ష్యం చెప్పినా.” ఒక్కో మాటా తడబడుతూ వచ్చింది. “అది తప్పు. బిడ్డకు వినపడదు. ఒకరు చెప్తే తిట్టి పంపించినా, ఆ మాట మాత్రం వారమంతా నన్ను వదల్లా. ఇంట్లో ఇంకొకరు చెప్తే విశ్వాసం లేదన్నా. నేను పిలిచిన పిలుపు ఒక్కటి కూడా ఇన్నేళ్ళలో అది వినలేదు.”

మైకు కుర్చీలో పెట్టి, చుట్టూ తిరిగి ముందుకొచ్చి, ఏంజెలిన్‌కు తన ముఖం కనపడేలా మోకాళ్ళ మీద కూర్చున్నాడు. అది తాతను చూసి నవ్వింది. ఆయన మెడ తిప్పి కరుణ వంక చూశాడు.

“రేపు మొదటి బస్సుకే నెల్లూరు పోదాం. నువ్వు కూడా రావాలమ్మా. భయపడొద్దని దానికి ఎట్టా చెప్పాలో నాకు తెలీదు.”