గొర్రె నడకకు గాలి

మా అక్క కొడుకు శివకృష్ణ పెళ్లికి ముందు ఒక పెద్ద మోటారు సైకిల్ కొన్నాడు. పెళ్లయి ఇద్దరు పిల్లలు పుట్టాక ఆ బండి మీద నలుగురూ పట్టలేదు. రెండు పొట్టేళ్లు తీసుకుని నాకిచ్చేశాడు. పొట్టేళ్లు మార్కాపురంలో ఎవరి కడుపులోకో పోయాయి, బండి తర్లుపాడు పక్కన మా కొట్టంలోకి వచ్చింది. ఎంత వడి బండి అంటే, మొదటి రోజు దాని మీద ఇంటికొచ్చి, అన్నం తిని చెయ్యి కడుక్కుంటుంటే అప్పుడొచ్చింది నా నీడ, రొప్పుకుంటూ. టీ కొట్టు దగ్గర ఈ మాట చెబితే ఒక్కరూ నమ్మలేదు. పాపం, నీడకు చెంబెడు నీళ్లు కూడా ఇచ్చాను.

నిజానికి నాకు వడితో పని లేదు. జీవాల వెనక పోవడానికి బండి కావలసి వచ్చింది. గొర్రెలూ మేకలూ కలిపి ఒక మంద ఉంది నాకు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ వాటి వెనకే నడిచాను. ఈ మధ్య నడక కుదరడం లేదు. కాళ్లు నొప్పా అంటే, నొప్పి లేదు. అదే గొడవ. అడుగు వేస్తే కింద నేల ఉందో లేదో వంగి చూసుకోవాలి. చేని గట్టు మీద పడ్డాను ఒకసారి. ఎవరూ చూడలేదు, మేకలు తప్ప. మేకలు ఎవరికీ చెప్పవు.

మా అమ్మాయి మల్లికి తెలిస్తే కష్టం. ఎదురింట్లోనే కాపురం. తల్లి పోయాక మా ఇంటి పెత్తనం కూడా తనదే.

"నడవలేని రోజు చెప్పు నాయనా. ఆ రోజే జీవాలను తోలిచ్చేస్తా. ఏ గుంతలోనో పడి ఉంటే నిన్ను వెతుక్కుంటా తిరగలేను" అంది ముందే.

"నడవలేకనా బండి? దర్జాకమ్మా" అన్నాను.

"గొర్రెల వెనక దర్జా ఏంది?"

"గొర్రెలకు తెలుస్తాది."

మల్లి తల్లి శ్రీశైలమ్మ ఉన్న రోజుల్లో, పొద్దుగూకి జీవాలను దొడ్లోకి తోలాక నేను అరుగు మీద కూలబడేవాణ్ని. ఆమె నా కాళ్లు ఒళ్లో పెట్టుకుని ముళ్లు తీసేది. ముల్లు తీసే చిమటా మా వాళ్లందరి మొలతాడుకూ వేలాడుతూనే ఉంటుంది కానీ, దాన్ని పట్టుకునే పని మాత్రం పెళ్లాలది. "నొప్పా?" అనేది. "అబ్బా, మెల్లగా" అనేవాణ్ని. "కొండలన్నీ తిరిగొచ్చినోడు ముల్లుకు ఏడుస్తాడు చూడు" అని మల్లిని పిలిచి మరీ చూపించేది.

పోయిన ఏడాది ఆమె నిద్రలో పోయింది. నేను ఏడవలేదు. ఎప్పుడు ఏడుస్తానా అని చుట్టాలు నా ముఖంలోకే చూస్తూ కూర్చున్నారు. పెద్దకర్మ నాడు వాళ్లకు నల్లమలలో ఎలుగుబంటి నన్ను చుట్టకు నిప్పు అడిగిన కథ చెప్పాను. కొందరు నవ్వారు, కొందరు లేచిపోయారు. ఆ తర్వాత నాకు ముళ్లు దిగడం మానేశాయి. పెళ్లాం పోయినవాణ్ని పొడవకూడదని ముళ్లు కూడబలుక్కున్నాయని టీ కొట్టులో చెప్పాను. దీన్ని మాత్రం ఒకరిద్దరు నమ్మినట్టే తలూపారు.

బండితో వచ్చిన చిక్కేమిటంటే అది గొర్రె నడక నడవనంది. జీవాలు చేలల్లో మేస్తుంటే నేను పక్కన బండ్ల బాట మీద, మొదటి గేరులో, అవి నాలుగడుగులు వేస్తే నేనూ నాలుగడుగులు పోవాలి. కాసేపటికి ఇంజను కుతకుతలాడి ఆగిపోయేది. మార్కాపురం వెళ్లే రోడ్డు పక్కన ఫిన్నీ అనే కుర్రాడి మెకానిక్ షెడ్డు ఉంది. ట్రాలీ ఆటోలో ఎక్కించి అక్కడికి పట్టుకుపోయాను.

ఫిన్నీ చూసి, ఇంజను ముందు జల్లెడలాగా ఉన్న చిన్న డబ్బాను చూపించాడు. "ఇది ఆయిల్ కూలర్ తాతా. ఇంజన్లో ఆయిల్ వేడెక్కి దీంట్లోకి వస్తాది. ఎదురుగాలికి చల్లబడి మళ్లీ లోపలికి పోతాది. నువ్వు గొర్రె నడక నడిపిస్తే ఎదురుగాలి యాడనుంచి వస్తాది?"

"ఊదమంటావా?"

"గుర్రాన్ని కొని గొర్రెను చేసినావు తాతా. చిన్న మోపెడ్ కొనుక్కోరాదా?"

"రెండు పొట్టేళ్లు దీంట్లో ఉన్నాయి రా. నువ్వే గాలి పుట్టించు."

మూతపడిన ఒక కంప్యూటర్ సెంటర్ నుంచి తెచ్చిన పాత డబ్బాలు షెడ్డు మూలన పడి ఉన్నాయి. వాటిలోంచి అరచేయంత ఫ్యాన్లు రెండు ఊడదీసి, కూలర్ ముందు బిగించి, బ్యాటరీకి వైరు లాగి, హ్యాండిల్ దగ్గర స్విచ్ పెట్టాడు. నొక్కితే రెండూ గిర్రున తిరిగాయి. బండి ఎంత మెల్లగా పోయినా కుతకుతలాడలేదు.

అయితే గొర్రెల వెనక దుమ్ము మాత్రమే ఉండదు, ఊలు కూడా రాలుతుంది. వారం తిరక్కముందే ఆ ఊలు, పల్లేరు కాయలు, గడ్డీ కలిసి ఫ్యాన్లలో పిచ్చుక గూడు కట్టాయి. మళ్లీ ఫిన్నీ దగ్గరికే పోయాను.

"ముందర పెడితే ఇంతే. పక్కకు పెట్టు" అన్నాను. ఆ ఉపాయం నాదే.

ఫిన్నీ పైపులు పొడుగువి వేసి, కూలర్‌ని ఫ్యాన్లతో సహా కుడి వైపు, కాలికి ముందుండే క్రాష్ గార్డు కమ్మీకి బిగించాడు. ఇంజను వేడెక్కేదాకా ఉంచి, వెనక చెయ్యి పెట్టి చూసి వెంటనే తీసేశాడు.

"వేడి గాలంతా నీ కుడి కాలి మీదికే పోతాంది తాతా. ఒక రౌండు కొట్టిరా. కాలితే చెప్పు, రేకు అడ్డం పెడతా."

రోడ్డు మీద ఒక రౌండు కొట్టి వచ్చాను.

"ఎట్లుంది?"

నాకేమీ తెలియలేదు. తెలియలేదు అని చెప్పొచ్చు. కానీ ఫిన్నీ మా ఊరికి అటూ ఇటూ తిరిగే మనిషి. తాత కాలికి తెలియడం లేదంట అని మల్లితో ఒక్క మాటంటే మంద పోతుంది.

"ఏసీ బస్సులో కూర్చున్నట్టుంది మనవడా" అన్నాను.

"రేకు వద్దా?"

"రేకెందుకు, చలేస్తాంది, దుప్పటుంటే ఇయ్యి."

ఫిన్నీ నవ్వి స్పానరు కింద పెట్టాడు.

ఆ తర్వాత కొన్నాళ్లు బాగా జరిగింది. పొద్దున్నే సద్ది కట్టుకుని బండెక్కేవాణ్ని. పలక రాళ్ల గుట్టల పక్కన మంద మేస్తుంటే నేను బాట మీద కూర్చుని ఉండేవాణ్ని, కింద ఫ్యాన్లు జుమ్మని తిరుగుతుండేవి. ఒక లేత గొర్రెపిల్ల ఆ గాలికి ఎదురుగా నిలబడి, ఎగిరిపోయి గిద్దలూరులో దిగిందనీ, బస్సు చార్జీ మిగిలిందనీ చెప్పాను. చెప్పేటప్పుడు నాకే నవ్వు రాలేదు. అలవాటుగా నోరు చెప్పుకుపోయేది. శ్రీశైలమ్మ పోయాక అన్నీ అట్లాగే జరుగుతున్నాయి. అన్నం తింటే రుచి ఉండేది కాదు, తినకపోతే ఆకలీ ఉండేది కాదు.

ఒక సాయంత్రం అరుగు మీద కూర్చుంటే మల్లి కంచం తెచ్చింది. కంచం కింద పెట్టి అట్లాగే నిలబడింది.

"ఈగలన్నీ నీ కాలి దగ్గరే మూగినాయి ఏంది నాయనా?"

"షుగరు కదమ్మా. తీపికొస్తాయి."

"కాలు ఇటు పెట్టు."

"అన్నం తిననీ."

"పెట్టమంటున్నానా!"

వంగి నా కుడి చెప్పు పట్టీ లాగింది. పట్టీతో పాటు చర్మం కూడా వచ్చింది. చీలమండ నుంచి చిటికెన వేలి దాకా తోలు తీసిన జీవంలాగా ఉంది. నేనూ వంగి చూశాను. ఇంకెవరి కాలో మా అరుగు మీద పెట్టి పోయినట్టు అనిపించింది. మల్లి ముక్కు కొంగుతో మూసుకుని అరిచింది.

"ఇంత కాలితే తెలీలేదా నీకు?"

ఏదైనా కథ తడుతుందేమోనని చూశాను. తట్టలేదు.

మార్కాపురం ఆస్పత్రిలో డాక్టరమ్మ ఒక సూది తీసుకుని నా రెండు కాళ్ల మీదా అక్కడక్కడ గుచ్చింది. "తెలుస్తుందా? ఇక్కడ? ఇక్కడ?" అంటూ పోయింది. నన్ను అటు తిరగమంది కాబట్టి గోడ మీద పిల్లల టీకాల బొమ్మ చూస్తూ ఉన్నాను. ఎక్కడ అడిగినా తెలియలేదనే చెప్పాను. ఇక అక్కడ అబద్ధానికి చోటు లేదు.

"స్పర్శ ఎప్పటి నుంచి లేదు పెద్దాయనా?"

"మా ఇంటామె ఉన్నప్పుడు తగ్గుతా వచ్చింది. ఆమె పోయినాక మొత్తం పోయినట్టుంది" అన్నాను.

మల్లి నా వైపు చూసింది. ముళ్లు కూడబలుక్కున్న కథ దానికీ చెప్పి ఉన్నాను.

చిటికెన వేలు తీసేశారు. ఇంటికొచ్చాక, వెలిగండ్ల నుంచి ఆదిశేషు అనే, జీవాలు కొనే మనిషి వచ్చాడు. మల్లి ముందే చెప్పిన మాట, నన్ను మళ్లీ అడగలేదు. నేనూ వద్దనలేదు. కట్టు కట్టిన కాలు మంచం మీద చాపుకుని కూర్చుని చూశాను. జీవాలను ఒక్కొక్కదాన్నే ఎత్తి మినీ లారీలో వేశారు. పెద్ద మేక ఒకటి ఎక్కనని గింజుకుంది. ఇప్పుడు గుండె పట్టేస్తుందేమో, ఇప్పుడు కళ్లు తిరుగుతాయేమో అని కాచుకుని కూర్చున్నాను. డాక్టరమ్మ సూది కోసం కాచుకున్నట్టే. లారీ మలుపు తిరిగింది. దుమ్ము కూడా అణిగింది. ఏమీ కాలేదు.

ఆ మర్నాడు ఫిన్నీ వచ్చాడు, సంకలో ఒక రేకు ముక్క పెట్టుకుని. మల్లి వాకిట్లోనే వాణ్ని నిలబెట్టి కడిగేసింది. వాడు తలొంచుకుని విన్నాడు.

"వాడినేమీ అనమాక. ఏసీ బస్సు అని చెప్పింది నేను" అన్నాను.

"నాకు తెలియాల్సింది తాతా. నా చేతికే కాలింది ఆ రోజు" అన్నాడు ఫిన్నీ. "రేకు తెచ్చినా."

"ఇప్పుడెందుకు, జీవాలే లేవు" అంది మల్లి.

"తెచ్చినాడు కదా, బిగించనీ" అన్నాను.

వాడు రేకును వంచి, నాలుగు బోల్టులేసి, కూలర్‌కూ కాలు పెట్టే చోటుకూ మధ్య బిగించాడు. బండి స్టార్ట్ చేసి స్విచ్ నొక్కాడు. ఇంజను వేడెక్కే వరకూ ఆగాం. నేను కర్ర పట్టుకుని లేచి వెళ్లి, రేకుకు అవతల చెయ్యి పెట్టాను. అబ్బ, అది గాలి కాదు, పొయ్యి. చటుక్కున తీసేశాను. చేతికి తెలిసింది. వాళ్లిద్దరూ నన్నే చూస్తున్నారు, నేను చెయ్యి పంచెకు తుడుచుకున్నాను.

పొద్దుగూకే వేళకు ఫిన్నీ వెళ్లిపోయాడు. దొడ్డి ఖాళీగా ఉంది, కుక్క ఒకటే దాని గుమ్మంలో పడుకుంది. మల్లి వచ్చి అరుగు మీద నా పక్కన కాకుండా కింద కూర్చుంది. కట్టు లేని ఎడమ కాలు లాగి ఒళ్లో పెట్టుకుంది. రోజూ చూడాలని డాక్టరమ్మ చెప్పిందట. నా మొలతాడు నుంచి చిమటా తీసుకుంది.

వెలుతురు కోసం అరికాలు అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఎన్ని ఉన్నాయి నాయనా ఇవి. లోపలికి పోయి నల్లగా అయినాయి."

ఒకటి లాగి అరుగు రాయి మీద పెట్టింది. తుమ్మ ముల్లు. ఇంకొకటి లాగింది. నేను తల వంచి చూస్తున్నాను కాబట్టి తెలిసింది, లేకపోతే ఏమీ లేదు. మల్లి భుజాలు కదులుతున్నాయి. ముఖం కనిపించకుండా బాగా వంచి పెట్టుకుంది.

"నొప్పా?" అంది మెల్లగా. దానికీ తెలుసు, సూది గుచ్చేటప్పుడు అది కూడా పక్కనే ఉంది.

"అబ్బా" అన్నాను. "మెల్లగా తియ్యమ్మా."