తలుపు వెనక గది

డబ్లిన్‌లో లువాస్ ట్రామ్ చెర్రీవుడ్ వైపు మలుపు తిరిగేటప్పుడు రత్నకుమార్ ఎడమచేత్తో స్తంభాన్ని పట్టుకుని, కుడిచేతిని కోటు జేబులో దాచుకుంటాడు. ఆ చెయ్యి చలికి బిగుసుకుపోతే పొద్దుటి పనంతా పాడవుతుంది. పొట్టి మనిషి, చామనఛాయ. వేళ్ళు మాత్రం ఆ ఎత్తుకి సరిపోనంత పొడవు. సీటు ఖాళీగా ఉన్నా కూర్చోడు. తానుండే స్వోర్డ్స్ నుంచి బస్సులో నగరంలోకి వచ్చేసరికే నడుం పట్టేసి ఉంటుంది. నిలబడితే ట్రామ్ పట్టాల పక్క ఇళ్ళ వెనకభాగాలు కనిపిస్తాయి. వంటింటి కిటికీలు, ఆరేసిన బట్టలు, తిరగేసి పెట్టిన పిల్లల సైకిళ్ళు. వాటిని చూస్తూ లోపల ఎవరుంటారో ఊహించుకోవడం అతనికి కాలక్షేపం. ఒకరకంగా ఉద్యోగం కూడా అదే.

ఏం పని చేస్తారని చర్చిలో ఎవరైనా అడిగితే, "గేమ్స్ కంపెనీలో బొమ్మలేస్తానండీ" అంటాడు. నిజానికి అతని బొమ్మలు ఆటలో కనిపించవు. వాళ్ళ ఆట ఓర్వెన్ అనే ఊళ్ళో జరుగుతుంది. సముద్రం సగం మింగేసిన ఊరది. ఆడేవాళ్ళు కత్తులు పట్టుకుని ఆ వీధుల్లో పరిగెడతారు. ఇళ్ళ తలుపులు మాత్రం ఎన్నిసార్లు తట్టినా తెరుచుకోవు. ఆట ముగిశాక కూడా ఆ ఊరిని వదిలి రాలేనివాళ్ళ కోసం కంపెనీ పెద్ద బొమ్మల పుస్తకం తెస్తోంది. ఆ తలుపుల వెనక ఏముందో చూపించే పుస్తకం. ఏ ఇంట్లో ఏం వండుకునేవారు, నీళ్ళు లోపలికి వస్తుంటే ముందుగా ఏది అటక మీదికి ఎక్కించారు, ఇవన్నీ గీయడమే రత్నకుమార్ పని.

అతను ఓర్వెన్‌ని ఎన్నడూ చూడలేదు కాబట్టి చీరాల సాలెవీధిని తెచ్చి అందులో పెట్టాడు. తల్లి ఆసుపత్రిలో ఆయాగా రాత్రి డ్యూటీలు చేసిన రోజుల్లో పక్కింటి నాంచారమ్మత్త మగ్గం పక్కనే చాప మీద నిద్రపోయేవాడు. పడుగు నూలుకి పెట్టిన గంజి వాసన, మగ్గం గుంటలో దిగిన ఆమె పాదాలు, నేత పలక పడినప్పుడల్లా కాస్త అదిరే నేల, అవన్నీ అతనికి తెలిసిన ప్రపంచం. ఆ గది గీసిన రోజున టీమంతా అతని వెనక నిలబడి చూశారు. అంతకన్నా మెప్పు అతనికి ఈ దేశంలో దొరకలేదు.

ఇవాళ పుస్తకం ప్రచారం కోసం అతను బొమ్మ వేస్తుండగా వీడియో తీస్తారు. పొద్దున్నే రాత్రి డ్యూటీ దిగి వచ్చిన భార్య సంతోషకుమారి, నర్సు బట్టలు మార్చకుండానే ఇస్త్రీపెట్టె తీసింది.

"ఏవండీ, ఆ నీలం చొక్కా వేసుకోండి. మీ పేరు పుస్తకం మీద పడుతుంటే గళ్ళ చొక్కాతో నిలబడతారా?"

కూతురు అబిగేయిల్ రొట్టెముక్క నములుతూ, బాగా చేస్తావులే అన్నట్టు, "యూల్ బి గ్రాండ్, డాడ్," అంది. స్కూల్లో అందరికీ చెప్పేసిందట.

నవ్వి, నీలం చొక్కా వేసుకున్నాడు. తన పేరు పడటం అతనికి కొత్త కాదు. చీరాలలో మస్తాన్ మాస్టారి దగ్గర బోర్డులు రాసేటప్పుడు, కిరాణా కొట్టయినా పురుగుమందుల దుకాణమైనా, కింద మూల చిన్న అక్షరాలతో 'రత్నం' అని రాసేవాడు. "బోర్డు బాగుంటే షాపోడికి పేరు, బాగోపోతే మనకు పేరు. అందుకే సంతకం పెట్టాలిరా," అనేవారు మాస్టారు. తర్వాత ఫ్లెక్సీలు వచ్చాయి. ఒక్క ఎన్నికల్లోనే గోడలన్నీ ఖాళీ అయ్యాయి. మాస్టారు చివరిరోజుల్లో ఫ్లెక్సీలకి కర్రల ఫ్రేములు కొట్టారు. రత్నకుమార్ హైదరాబాదు వెళ్ళి కంప్యూటరు మీద గీయడం నేర్చుకున్నాడు. భార్యకి డబ్లిన్‌లో ఉద్యోగం వస్తే వెంట వచ్చాడు. ఇక్కడ ఎక్కడా సంతకం పెట్టలేదు, పెట్టమని ఎవరూ అడగలేదు.

ఆఫీసులో కాన్ఫరెన్స్ గది బల్లలన్నీ గోడకి జరిపేశారు. మధ్యలో బొమ్మ నిలబెట్టే కొత్త ఈజెల్, దాని మీద బట్ట కప్పిన కాన్వాస్, చుట్టూ లైట్లు. టీమ్ పెద్ద జెర్రీ, కార్క్ ఊరి మనిషి, ఎర్రటి గడ్డంతో ఎదురొచ్చి కొత్త ఏప్రన్ అందించాడు. ధర చీటీ ఇంకా దానికే వేలాడుతోంది.

"నువ్వు కాసేపు కుంచెతో అద్దితే చాలు, రత్నా. మిగతాది వాళ్ళు చూసుకుంటారు."

బట్ట తీశారు. కాన్వాస్ మీద అచ్చేసిన నాంచారమ్మత్త గది. కాని రత్నకుమార్ గీసింది కాదు. ఎక్కడి నుంచో బంగారు వెలుతురు పడుతోంది. మగ్గం మెరుస్తోంది. నేసే ఆమె ముఖం సబ్బుతో కడిగిన పింగాణీలా ఉంది. పడుగు దారాలు సగందూరం వచ్చి గాలిలో కలిసిపోయాయి. మగ్గం కింద గుంట లేదు. ఆమెకి పాదాలు లేవు.

"ఎవరు వేశారిది?"

జెర్రీ గడ్డం గోక్కున్నాడు. "ప్రింటింగ్ తేదీ ముందుకి జరిగింది కదా. అన్నీ ఒకేలా ఉండాలని ఇదీ, మిగిలిన గదులూ లోహిత ఏఐ మెషీన్‌తో చేయించింది. అన్నీ నీ బొమ్మలు చూపించి చేయించినవే. అంటే నీవే. అందుకే కవర్ మీద నీ పేరు ఒక్కటే వేస్తున్నాం."

లోహిత కిటికీ దగ్గర నిలబడి ఉంది. హైదరాబాదు పిల్ల, వర్క్ పర్మిట్ మీద వచ్చింది. అతను చూడగానే తల దించుకుని, తెలుగులో మెల్లగా అంది.

"అన్నా, పైనుంచి చెయ్యమన్నరు. పుస్తకం ఆగితే టీమే తీసేస్తరట. నా పర్మిట్ దీని మీదనే ఉంది. జర అద్దేయన్నా, ఏమైతది?"

రత్నకుమార్ ధర చీటీ తెంపేశాడు. ఏప్రన్ కట్టుకున్నాడు. కెమెరా వెనక ఉన్న అమ్మాయి వేలు పైకెత్తింది.

మొదట కుంచె ఊరికే ఆడించాలనుకున్నాడు. కాని కుంచెకి రంగు తగలగానే చెయ్యి మాట వినలేదు. కాస్త మట్టిరంగు, కాస్త నలుపు కలిపి మగ్గం కింద నేలని తవ్వడం మొదలుపెట్టాడు. గుంట పడింది. అందులోకి ఆమె కాళ్ళు దించాడు. మడమలు పగిలిన పాదాలు, వెండి పోయి ఇత్తడి తేలిన మెట్టెలు. వెలుతురు మీద బూడిదరంగు పూసి, సాయంత్రాలు ఆ గదిలో ఎంత చీకటిగా ఉండేదో అంత చీకటి చేశాడు. ముఖం చెరిపి మళ్ళీ వేశాడు. ఆమె కళ్ళు పాడవుతున్న రోజుల్లో నూలు కనిపించక ముందుకి వంగి చూసేది, ఆ వంపు వేశాడు. తాను అన్నం తిన్నాడో లేదో అడగడానికి తల తిప్పినప్పుడు మెడ మీద పడే ముడత వేశాడు. లైట్ల వేడికి నీలం చొక్కా వీపుకి అతుక్కుంది.

కుంచె దించేసరికి కెమెరా అమ్మాయి కళ్ళు తుడుచుకుంటోంది. జెర్రీ వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు.

"అద్భుతం రత్నా. నిజంగా."

"దీన్ని పుస్తకంలో వేస్తారా?"

జెర్రీ చెయ్యి తీసేశాడు. "ఫైళ్ళు నిన్ననే ప్రెస్‌కి పోయాయి. ఇది వీడియో కోసమే. చూసేవాళ్ళకి తేడా తెలియదులే."

రత్నకుమార్ ఏప్రన్ ముడి విప్పుకున్నాడు. తడి అంటిన వేళ్ళకి ముడి జారిపోయి చాలాసేపు పట్టింది. కోపం వస్తుందనుకున్నాడు, రాలేదు. ఒకప్పుడు ఖాళీ గోడ ముందు రంగు డబ్బాతో నిలబడిన రోజున కూడా ఇలాగే ఏమీ అనిపించలేదు.

"నా బొమ్మలు ఉంచుకోండి జెర్రీ, జీతం ఇచ్చారు. పేరు మాత్రం తీసెయ్యండి. ఆ గదులు నేను వెయ్యలేదు."

"పేరు లేకుండా వీడియో ఎలా? ఆలోచించు. సోమవారం మాట్లాడుకుందాం."

"సోమవారం నుంచి నేను రాను."

జెర్రీ చెడ్డవాడు కాదు. ఏదో చెప్పబోయి, ముఖం ఎర్రబడి, కెమెరావాళ్ళని టీకి తీసుకుపోయాడు.

రత్నకుమార్ కోటు వేసుకుంటుంటే లోహిత వెనకనే వచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"మీరు పోతే కెమెరా ముందు నన్ను నిలబడమంటరన్నా, నా పేరు వేస్తమంటరు. నేను వద్దనలేను."

"వద్దనకులే తల్లీ. ఇది నా బాధ. నువ్వెందుకు మొయ్యాలి?" అన్నాడు. ఆ మాట ఎంతవరకు నిజమో తెలియక మళ్ళీ అన్నాడు, "ఇంటికెళ్ళి ఏమన్నా తిను."

తిరుగు ట్రామ్‌లో మొదటిసారి కూర్చున్నాడు. సంతోషకుమారికి ఫోన్ చేసి జరిగింది చెప్పాడు. అద్దెంటి లీజు, రాత్రి డ్యూటీలు, అబిగేయిల్ స్కూల్లో చెప్పుకున్న గొప్పలు, అన్నీ అతనికి గుర్తొచ్చాయి.

"నన్నొక్క మాట అడగాల్సిందండీ," అంది ఆమె.

"అడిగితే వద్దనేదానివి."

"అనేదాన్నే." నిట్టూర్చింది. "పిల్లకి మీరే చెప్పుకోండి. నేను చెప్పను. అన్నం వండి పెట్టి డ్యూటీకి పోతాను. పచ్చడి పై అల్మరాలో ఉంది."

ఫోన్ పెట్టేసి చేతులు చూసుకున్నాడు. గోళ్ళ సందుల్లో మట్టిరంగు ఎండిపోతోంది. బయట ఇళ్ళ వెనక కిటికీల్లో ఒక్కొక్కటిగా దీపాలు వెలుగుతున్నాయి. ఈసారి లోపల ఎవరుంటారని అనుకోలేదు. కూతురికి ఏ మాటతో మొదలుపెట్టాలా అనుకుంటూ కూర్చున్నాడు.

చెర్రీవుడ్‌లో బల్లలన్నీ మళ్ళీ గది మధ్యకి జరిపారు. ఈజెల్ మడిచి అద్దెకిచ్చినవాళ్ళు పట్టుకుపోయారు. కాన్వాస్‌ని మాత్రం ఎక్కడ పెట్టాలో ఎవరికీ తోచక ఫోటోకాపీ మెషీన్ పక్కన గోడకి ఆనించారు. అందులో నేసే ఆమె ఇంకా తల తిప్పి ఎవరినో ఏదో అడగబోతోంది. పాదాల దగ్గర రంగు ఇంకా ఆరలేదు.