అధ్యక్షుల వేలి కింద

నెత్తిన ఎవరో వేలు మోపితే గాని నోరు పెగలదు నాకు. నేను ఒక బల్లగంటను. ఆఫీసుల్లో కాలింగ్ బెల్ అంటారు. నన్ను పోతపోసిన కంచరి ఆనాడు కరిగించిన ఇత్తడితోనే పూజగంటలూ చేశాడు, చర్చి బడికి ఒక గంటా చేశాడు. వాటిని దేవుడి పనికి పంపి నన్ను తహసీల్దారు బల్ల మీదికి పంపాడు. బంట్రోతులను పిలిచి పిలిచి పాతబడ్డాక, వేలంలో శివశంకరం గారి చేతికి వచ్చాను.

ఆయన తర్కశాస్త్రం చెప్పి రిటైరైన లెక్చరరు; పేరులో తప్ప ఇంకెక్కడా దేవుణ్ణి ఉంచుకోని మనిషి. చీరాలలో ఒక బట్టల కొట్టు పైన హాలు అద్దెకు తీసుకుని, తానే అధ్యక్షులుగా నెలనెలా చర్చలు పెట్టేవారు. ఎవరికైనా ఒకటే సమయం. అది ముగిస్తేనే నేను మోగాలి. మాట మంచిదా చెడ్డదా అని చూసి గంట కొడితే తానూ ఒక పూజారినే అవుతానని అనేవారు. ఆ నియమం నాకు గొప్పగా తోచేది.

ఆ సాయంత్రం చర్చ, మతం లేకుండా శీలం నిలుస్తుందా అని. నిలుస్తుందని వాదించడానికి షమీమ్ వచ్చింది. ఏలియా అనే అతనితో, పెళ్లి లేకుండా, ఇద్దరిలో ఎవరూ మతం మారకుండా కాపురం ఉంటోంది. అతణ్ణి చంపేస్తామని రెండు వైపులవాళ్లూ బెదిరించాక, తమ ఇల్లెక్కడో ఎవరికీ తెలియనివ్వలేదు. ఏలియా జ్వరంతో ఆ ఇంట్లో ఒంటరిగా పడుకుని ఉన్నాడు.

ముందు, నిలవదనే వైపున, యోగానందం అనే ప్లీడరు మాట్లాడాడు. గొంతు పెంచలేదు. శీలం గాలిలో ఉండదనీ, ఒక ఇంట్లో ఉంటుందనీ అన్నాడు. వినడానికి వచ్చిన, ఎన్నడూ ఒకరి పక్కన ఒకరు కూర్చోవడానికి ఒప్పుకోని మూడు మతాల పెద్దల తలలూ ఒక్కసారే ఊగాయి. శివశంకరం గారు ఇన్నేళ్లలో సాధించలేని సామరస్యం అది.

"ఆ ఇల్లెక్కడో కూడా చెబుతా," అన్నాడు ప్లీడరు. "రైలు గేటు దాటగానే ఎడమచేతి సందు. నీలం తలుపు."

షమీమ్ అధ్యక్షుల వైపు వంగింది. "సార్, గంట కొట్టండి."

వేలు నా మీదే ఉంది. ఇంకొంచెం బరువు చాలు.

"ఆయనకింకా టైముందమ్మా," అన్నారు శివశంకరం గారు.

వెనక కుర్చీలు జరిగాయి. కొందరు మగవాళ్లు చప్పుడు చేయకుండా మెట్లు దిగారు. కింద మోటారు సైకిళ్లు ఒకదాని వెంట ఒకటి స్టార్టయ్యాయి. షమీమ్ ఫోను చెవికి ఆనించుకుని లేచింది. అవతల ఎవరూ ఎత్తడం లేదు. అప్పుడు ప్లీడరు సమయం ముగిసి నేను మోగాను.

"ఇక నీ వంతమ్మా, మాట్లాడు."

"నాది కూడా ఆయనకే ఇచ్చెయ్యండి సార్. ఇంటి నంబరు చెప్పడం మర్చిపోయారు." అంటూనే ఆమె మెట్ల వైపు పరుగెత్తింది.

మైకు ముందు ఎవరూ లేరు. యోగానందం మర్యాదగా మంచినీళ్లు తాగాడు. కూర్చున్నవారిలో ఒక్కరూ లేవలేదు. ఒకరి సమయం మరొకరికి ఇవ్వడం నియమంలో లేదు గనుక, శివశంకరం గారు గడియారం చూస్తూ ఆమె సమయాన్ని పూర్తిగా నడవనిచ్చారు.

అది ముగిసింది. వేలు దిగింది. నేను మోగాను.