ఇరవైలో పన్నెండు

పదకొండో బీడీ మూతి ముడిచి చాటలో వేసేసరికి మునీరా కళ్లు మళ్లీ పుస్తకం మీదికి పోయాయి. పుస్తకాన్ని గోడకు ఆనించి, పేజీ ఎగిరిపోకుండా కింది అంచు మీద తంబాకు డబ్బా పెట్టింది. చేతుల పని చేతులు చేసుకుపోతున్నాయి. కత్తిరించిన తునికాకును ఎడమ అరచేతిలో పరచడం, చిటికెడు తంబాకు నిలువునా పోయడం, బొటనవేళ్లతో బిగించి చుట్టడం, దారం రెండు చుట్లు తిప్పి తెంపడం. తొమ్మిదో తరగతి నడుమ బడి మానిన నాటి నుంచి ఇదే పని. కళ్లతో అవసరం లేదు.

"ఒక సంచిలో మూడు ఎర్ర బంతులు, ఐదు నీలం బంతులు ఉన్నాయి. చూడకుండా ఒక బంతిని తీస్తే అది ఎర్ర బంతి అయ్యే సంభావ్యత ఎంత?" అని పైకి చదివింది.

రేకుల కింద వరసగా కూర్చున్న ఆడవాళ్లలో ఇంటామె విజయమ్మ ముందుగా తలెత్తింది. "ఎవలియే గా బంతులు? పోరగాండ్లకు ఇయ్యక సంచిల దాసి, ఏది ఎల్తదో చెప్పుమని అడుగుడేంది?"

అందరూ నవ్వారు. మునీరా కూడా నవ్వి, ఎనిమిదిలో మూడు అని మనసులోనే అనుకుంది. వచ్చే నెల ఓపెన్ స్కూల్ పదో తరగతి పరీక్ష. పది పాసైతే అంగన్‌వాడీకి దరఖాస్తు పెట్టుకోవచ్చు, ఈ తంబాకు దుమ్ము లేని చోట కూర్చోవచ్చు. గడప అవతల ఆరేళ్ల కూతురు అర్షీన్ పలక మీద గీతలు గీస్తూ దగ్గింది. పొద్దున్నుంచి అది తొమ్మిదోసారి. మునీరా లెక్కపెడుతూనే ఉంది. ఆ దగ్గు పడిశం వల్లా, తన ఒళ్లోని చాట వల్లా అన్నది ఏ పుస్తకమూ చెప్పడం లేదు.

నవ్వనిది కొండవ్వ ఒక్కతే. వరస చివర, రేకుకు పెట్టిన ఇనుప స్తంభానికి వీపు ఆనించి కూర్చుంది. డెబ్బై దాటిన మనిషి. ఎండిన వేపపుల్లలాంటి ఒళ్లు, ముక్కుకు రెండు వైపులా పచ్చబొట్టు చుక్కలు. కుడి బొటనవేలి గోరు ఒక పక్కకు అరిగి ఏటవాలుగా అయిపోయింది. తొమ్మిదేళ్లప్పుడు మొదటి బీడీ చుట్టింది. మగడు మగ్గాల పనికి భివండీ పోయి అక్కడే కాలం చేస్తే, ఇద్దరు ఆడపిల్లల్ని ఈ గోటితోనే సాకింది. వాళ్లు ఒకతె తొగుటలో, ఒకతె చంద్లాపూర్‌లో ఉన్నారు. వచ్చి తమ దగ్గర ఉండమని అడుగుతూనే ఉంటారు. ఆమె పోదు. బీడీ కార్డు ఉంది, కార్డు మీద తన పేరుంది, పొద్దున లేచి కూర్చోవడానికి ఈ వరసలో ఒక జాగ ఉంది. ఇంకేం కావాలంటుంది.

కొండవ్వ చాట మీద ఇవాళ తువ్వాల కప్పి ఉంది. దారపు ఉండ అందుకోబోయి పక్కనే ఉన్న మునీరా ఆ తువ్వాలను కాస్త జరిపింది. పైనున్న కట్ట వేలికి తగిలింది. కట్టకు ఇరవై ఐదు బీడీలు బిగుసుకుని రాయిలా ఉండాలి. ఇది నొక్కితే లోపలికి పోయింది.

"అవ్వా, ఇదేంది?"

కొండవ్వ చెయ్యి ఆగలేదు. నిన్నంతా జ్వరమని, చేతులు వణికాయని, అయినా చుట్టానని చెప్పింది. ఇరవై కట్టల్లో పన్నెండు అట్లాగే ఉన్నాయి, ఒక్కో దాంట్లో మూడో నాలుగో బీడీలు వదులుగా వచ్చాయి. చెప్పేసి మళ్లీ ఆకు అందుకుంది.

ఖార్ఖానాలో బీడీలు చూసే లింగమూర్తి ప్రతి చాట నుంచి ఒక కట్ట తీస్తాడు. అది చెడ్డదైతే చాటంతా రద్దు, కార్డు మీద ఎర్ర గీత. నెలలో మూడు ఎర్ర గీతలు పడితే కార్డు ఆపేస్తారు, ఇక ఆకు ఇవ్వరు. కొండవ్వకు ఈ నెల రెండు పడ్డాయి. పోనీ చెడ్డ కట్టలు తీసేసి మిగతావి ఇద్దామా అంటే, ఆకూ తంబాకూ తూచి ఇస్తారు కాబట్టి లెక్క తక్కువ కావద్దు. తరుగు కింద మూడు కట్టల వరకే ఒప్పుకుంటారు. నాలుగో కట్ట తక్కువైతే దానికీ ఎర్ర గీతే.

మునీరా పుస్తకం వంక చూసింది. సంచి, బంతులు. ఒక్కసారిగా ఆమెకు అది తమ లెక్కలాగే కనబడింది. పెన్సిలు తీసి పేజీ అంచున లెక్క వేసింది. కొండవ్వ చాటలో ఇరవైకి పన్నెండు చెడ్డవి, అంటే ఐదింట మూడు పాళ్లు దొరికిపోయినట్టే. అదే తనతో సహా వరసలో మిగతా ఆరుగురూ తలా రెండు చెడ్డ కట్టలు తీసుకుని, వాటికి బదులు తలా రెండు మంచివి ఇస్తే? ఒక్కొక్కరి చాటలో ముప్పై ఉన్నాయి. ముప్పైలో రెండు, అంటే పదిహేనింట ఒక్క పాలు. కొండవ్వ చాటలో సున్నా.

అందరికీ అర్థమయ్యేలా చెప్పింది. అంత గట్టిగా ఆమె ఎన్నడూ మాట్లాడలేదు. తమ కార్డుల మీద ఒక్క గీతా లేదు, ఒకటి పడినా కొంప మునగదని విజయమ్మే మొదట రెండు కట్టలు తీసి ఇచ్చింది. "సదువు పనికొస్తదన్నరు గని, గిట్ల దొంగపనికి పనికొస్తదని ఎరుకలేదు" అన్నది. కట్టలు మారుతుంటే కొండవ్వ ఎవరి చాటలోకి ఏది పోయిందో చూస్తూ కూర్చుంది.

మధ్యాహ్నం తిండి అయ్యాక చాటలు తువ్వాలల్లో కట్టుకుని బయలుదేరారు. ఖార్ఖానా మెట్ల ముందు అప్పటికే నలభై మంది వరస. మునీరా అర్షీన్‌ను పక్కన నీడలో కూర్చోబెట్టి తన చాట దించింది. ఇక్కడికి వచ్చాక మళ్లీ లెక్కలో పడింది. పదిహేనింట ఒకటి ఒక్కరికి. ఆరుగురిలో ఎవరో ఒకరు దొరకడానికి ఎంత? ఆ లెక్క ఇంకా చదవలేదు. చిన్నది మాత్రం కాదని తెలుస్తూనే ఉంది.

అంతలో కొండవ్వ వచ్చి ఆమె చాట మీద చెయ్యి వేసింది. చూడకుండానే రెండు కట్టలు తీసింది. తనవే. విజయమ్మ దగ్గరికి పోయి రెండు తీసుకుంది, ఆ తర్వాత మిగతా నలుగురి దగ్గరా. ఎవరి మంచివి వాళ్లకు ఇచ్చేసింది. పన్నెండూ తన తువ్వాలలో పోసుకుని మెట్టు మీద కూలబడింది.

ముసల్దానికి మతి చెడిందని విజయమ్మ గొణిగింది. మునీరా కొండవ్వ పక్కన గొంతుక్కూర్చుంది. "అవ్వా, లెక్క చెప్పిన గద. ఐదిట్ల మూడు. దొర్కుతవు."

"నీ లెక్క మంచిదే బిడ్డా. సంచిల చెయ్యి పెట్టేటోడు సూడకుంట తియ్యాలె అని సదివినవ్ గద పొద్దుగాల. గీ లింగమూర్తి చెయ్యికి కండ్లున్నయి. చాటంత తడుముతడు. మెత్తటిది యాడున్న, చెయ్యి గాన్నే ఆగుతది. మీ ఆరుగురియి ఆరు చాటలు పట్టుకుంటడు. నా చెయ్యి అని ఎరుకపడ్తది, మల్ల నాకే గీత ఏస్తడు."

"గంత కచ్చితంగ ఎట్ల చెప్తవు?"

"గా తడుముడు నేర్పిందే నేను. మూటలు మోసెటందుకు వచ్చిండు, మూతి మీద మీసం గుడ లేదు అప్పుడు."

మునీరాకు పుస్తకంలోని ఆ మాట అప్పుడు తగిలింది. సమసంభవ పర్యవసానాలు. ప్రతి బంతీ చేతికి రావడానికి సమాన అవకాశం ఉన్నప్పుడే ఆ భిన్నం చెల్లుతుంది. ఎన్నిసార్లు చదివిందో ఆ వాక్యం, ఎప్పుడూ దాటేసి లెక్కలోకి దూకింది. తెలిసిన చేతి ముందు ఇరవైలో ఒక్కటి చెడ్డదున్నా అది దొరికినట్టే. మరి దొరకనిదేది? సున్నా ఒక్కటే. కళ్లున్న చేతికైనా కళ్లు లేని చేతికైనా, లేనిది దొరకదు.

"మూడు తరుగు కింద పోతయి," అన్నది మునీరా నెమ్మదిగా. "తొమ్మిది బాగుచెయ్యాలె."

"గందుకే కూసున్న," అన్నది కొండవ్వ. "సీసల నీళ్లున్నయా?"

మునీరా అర్షీన్ నీళ్ల సీసా తీసి ఇచ్చింది. కొండవ్వ వేళ్లు తడుపుకుని మొదటి కట్ట దారం విప్పింది. వదులు బీడీలు నాలుగూ వెతక్కుండానే వేళ్లకు వచ్చాయి. ఎండిన ఆకు పగలకుండా తడి రాసి, విప్పి, తంబాకు సర్ది, మళ్లీ చుట్టింది. వేళ్లు వణుకుతూనే ఉన్నాయి. వణుకు ఆగే క్షణం కోసం కాచుకుని, ఆ క్షణంలో బిగిస్తోంది. తానూ చుడతానని మునీరా చెయ్యి చాపితే తోసేసింది. తన చాటలో తన చెయ్యే ఉండాలంది. కట్ట కట్టేటప్పుడు దారం పట్టుకుంటే చాలంది.

ఇరవైలో పదకొండు. పది. వరస ముందుకు జరుగుతుంటే ఇద్దరూ చాటతో సహా ఒక్కో మెట్టు జరిగారు. తొమ్మిది. ఎండ మెట్ల మీదికి వచ్చింది. కొండవ్వ మెడ నరం కొట్టుకోవడం కనబడుతోంది. ఎనిమిది, ఏడు. ఒకసారి కళ్లు మూసుకుని స్తంభించిపోతే మునీరా భుజం పట్టుకుంది. ఏం లేదని తల ఊపి మళ్లీ దారం విప్పింది. భిన్నంలో పై అంకె ఇట్లా దిగుతుందని పుస్తకంలో ఎక్కడా లేదు. ఇక్కడ ఒక ముసలి గోరు దాన్ని ఒక్కొక్కటిగా కిందికి లాగుతోంది.

ఇంకా నాలుగు కట్టలు బాగుచేయాల్సి ఉందనగా విజయమ్మ వంతు వచ్చింది. ఆమె వెనక కొండవ్వే.

విజయమ్మ వెనక్కి తిరిగి ఒక్కసారి చూసింది. తర్వాత చాట బల్ల మీద పెట్టి నడుముకు చేతులు పెట్టుకుంది. మొన్న ఇచ్చిన ఆకంతా బొక్కలేనని, జల్లెడకు పనికొస్తుంది గాని బీడీకి కాదని ఎత్తుకుంది. లింగమూర్తి అద్దాలు పైకి జరుపుకుని, ఆకు తాను చెట్టెక్కి కోయలేదన్నాడు. అయితే కోసినవాణ్ని పిలువుమని ఆమె. తూకం కూడా తక్కువేనని, కాటా మళ్లీ చూపించమని పట్టుబట్టింది. వరసలో వెనకున్నవాళ్లు కానియ్యమని అరిచారు. ఆమెకు వినబడలేదు. కాటా తెప్పించి, రాళ్లు పెట్టించి, ముల్లు నిలబడేదాకా కదలలేదు. ముల్లు సరిగ్గానే ఉంది. "అయితె సరె," అని బీడీలు లెక్క రాయించుకుని, ఖాళీ చాట ఎత్తుకుని పక్కకు జరిగింది.

అప్పటికి తొమ్మిదో కట్ట ముడి పడింది.

కొండవ్వ లేచి నిలబడింది. చాట బల్ల మీద పెట్టి, అందులోంచి మూడు కట్టలు తీసి విడిగా లింగమూర్తి ముందు ఉంచింది. "ఇయి చెడ్డయి. తరుగు రాస్కో."

లింగమూర్తి ఆ మూడింటినీ, ఆమెనూ చూశాడు. తర్వాత అరచెయ్యి చాట మీద పెట్టాడు. గుడ్డివాడు ముఖం తడిమినట్టు ఒక్కో వరసా తడిమాడు. మునీరా పెదవులు కదిలాయి. పదిహేడులో సున్నా, పదిహేడులో సున్నా. చెయ్యి ఎక్కడా ఆగలేదు. ఒక కట్ట తీసి నొక్కాడు, పెట్టేశాడు. ఎన్నడూ లేనిది రెండోది తీశాడు, మూడోది కూడా. చివరికి పెన్ను అందుకున్నాడు. నల్ల పెన్ను.

"జ్వరమన్నరు నీకు?" అన్నాడు రాస్తూ.

"జ్వరం నాకు. బీడీలకు గాదు."

కార్డు మీద ముద్ర పడింది. రేపటికి ఆకు తూచి ఇచ్చాడు.

తిరుగుదారిలో కొండవ్వ మూడు చోట్ల కూర్చుంది. దవాఖానకు పోదామంటే పొద్దున చూద్దామంది. తన మగడు జహీర్‌కు ఫోను చేసి ఆటో తెమ్మంటానని మునీరా అన్నా ఒప్పుకోలేదు. మూడోసారి కూర్చున్నప్పుడు, చెడ్డది అసలే లేకపోతే పుస్తకంలో ఏమంటారని అడిగింది.

"సున్న, అవ్వా. అసంభవ ఘటన అంటరు."

కొండవ్వ ఆ మాటను నోట్లో తిప్పి చూసుకుంది. "గంత పెద్ద పేరెందుకు? పని సాఫ్‌గ చేసింది అంటె సాలు." పరీక్షలో మాత్రం ఆ పెద్ద పేరే రాయమంది. చూడకుండా అన్న మాట వదిలిపెట్టకుండా చదవమంది.

పొద్దుగూకి మగ్రిబ్ అజాన్ అయ్యాక మునీరా జావ కాచి, గిన్నె మీద మూత పెట్టి, కొండవ్వ అర్ర దగ్గరికి పోయింది. తలుపు దగ్గరికి వేసి ఉంది. లోపల దీపం వెలుగుతోంది. కొండవ్వ గోడకు ఆనుకుని, కాళ్లు చాపుకుని కూర్చుంది. తల ఒక పక్కకు వాలింది. చీర చెంగు తడిసి ఉంది, అప్పుడే నీళ్ల పని ముగించినట్టు. మునీరా రెండుసార్లు పిలిచింది. జావ గిన్నె కింద పెట్టి, ఆ చెయ్యి తన చేతిలోకి తీసుకుంది. వణుకు లేదు. అరిగిన గోరు తన అరచేతిలో చల్లగా ఆనింది. చాలాసేపు అట్లాగే పట్టుకుని కూర్చుంది. తర్వాత లేచి, కూతుళ్లకు ఫోన్లు చేయమని చెప్పడానికి విజయమ్మ ఇంటివైపు నడిచింది.

అర్రలో గోడవార, తడి గోనెపట్టాలో చుట్టి పెట్టిన తునికాకు రేపటికి మెత్తబడుతూ, ఒక్కో చుక్క నీరు నేల మీదికి వదులుతూ ఉంది.